డ్రా తేలికయైనచో గెలుపు తేలికయగునా?

గ్రాండ్‌స్లామ్ పోటీ ముగిసి విజేత కప్పును పైకెత్తిన మరుక్షణముననే, రాకెట్టు పట్టనక్కరలేని రెండవ పోటీ యొకటి ఆరంభమగుట టెన్నిసు నెరిగిన వారందరకును అనుభవములోనిదే. తమ అభిమాన క్రీడాకారుడు ఓడిన దుఃఖమును దిగమ్రింగలేనివారు డ్రా పట్టికను ముందు పరచుకొని, గెలిచిన ప్రత్యర్థి బంగారమునకు తరుగు కట్ట మొదలిడుదురు. మొదటి పదిమందిలో ఒక్కడైనను ఇతనికి ఎదురుపడెనా అని ఒకరును, ఫలానావాడు మోకాలి నొప్పితో ఇంటికి పోకున్నచో కథ మరియొక విధముగ నుండెడిది గదా అని వేరొకరును, సెమీఫైనలులో తగిలినవాడు ఊరు పేరు లేని క్వాలిఫయరు గదా అని ఇంకొకరును అనుచుండగా, గెలిచినవాని పక్షమువారు పాత సంవత్సరముల పట్టికలను త్రవ్వి తీసి బదులు చెప్పుచుందురు. ఈ తరుగు లెక్కను తమవాని కప్పునకు గూడ కట్టి చూచుకొన్నవారు మాత్రము నాకింతవరకు తారసిల్లలేదు.

అయినను దీనినంతటిని పక్షపాతమని త్రోసివేయుట సులభమే గాని న్యాయము కాదు. ఒక పోటీలో గెలిచినవాడు ఆ పోటీలోని వారందరిలో మేటియని చెప్పుటకు ప్రమాణమేమి, అతడు ఎదుర్కొన్న ఏడుగురా, ఎదుర్కొనని నూట ఇరువదిమందియా, అను ప్రశ్న అభిమానుల కోపతాపములకు అతీతమైనది; టెన్నిసంత ప్రాచీనమైనది.

దానిని మొట్టమొదట గణితదృష్టితో పరిశీలించినవారిలో, ఆలిస్ కథలు వ్రాసి లూయిస్ కరోల్ అను మారుపేరుతో లోకప్రసిద్ధుడైన ఆక్స్‌ఫర్డ్ గణితోపాధ్యాయుడు చార్లెస్ డాడ్జ్‌సన్ ముఖ్యుడు. లాన్ టెన్నిసు పోటీలలో బహుమతు లిచ్చు పద్ధతి తప్పుదారిని పోవుచున్నదని నిరూపించుచు 1883లో అతడొక చిన్న పుస్తకమును ప్రకటించెను. ముప్పది ఇద్దరు ఆడు పోటీలో బలవంతుడు బలహీనుని ఎల్లప్పుడును గెలుచుననియే అనుకొందము. అప్పుడు ప్రథముడు మొదటి బహుమతిని పొందితీరును. కాని ద్వితీయుడు ఫైనలుకు రావలెనన్నచో, చీట్లు తీసినపుడు అతని పేరు ప్రథముడు లేని పార్శ్వమున పడవలెను. మిగిలిన 31 స్థానములలో అట్టివి 16 మాత్రమే. కావున రెండవ బహుమతి నిజమైన రెండవవానికి దక్కుట ఇంచుమించు బొమ్మా బొరుసా అన్నట్టిదేనని అతడు తేల్చెను. ఇందొక సూక్ష్మము గలదు. చీటి వలన అన్యాయము జరిగినచో అది ద్వితీయునకు, తృతీయునకు జరుగును గాని ప్రథమునకు జరుగదు. అతడు ఏ మూలనున్నను గెలుచును. డ్రా తేలికయగుట చేతనే అనర్హుడు గెలిచెననువారు, అర్హుడు ఆ పట్టికలోనే మరియొకచోట ఎవని చేతిలోనో ఓడియుండవలెనను సంగతిని మరచుచున్నారు.

ద్వితీయునకు జరుగు ఆ అన్యాయమును సరిదిద్దుటకే సీడింగు పుట్టినది. వింబుల్డన్‌లో అది 1924లో దేశముల వారీగా, పరిమితరూపమున ప్రవేశించి, 1927 నాటికి ఆటగాండ్ర బలమును బట్టి పూర్తిగా స్థిరపడెను. నేడు 128 మంది ఆడు పట్టికలో మొదటి సీడు తలపైనను, రెండవ సీడు అడుగునను ఉందురు; మూడు, నాలుగు సీడులు ఏ పార్శ్వమునకు పోవుదురో చీటియే నిర్ణయించును. 2001లో సీడుల సంఖ్య 16 నుండి 32కు పెరిగిన నాటి నుండి, సీడైనవానికి మూడవ రౌండునకు ముందు మరియొక సీడు తగులుట అసంభవము. అనగా అగ్రశ్రేణి ఆటగాని మార్గము మొదటి రెండు రౌండ్లలోను నిబంధన చేతనే సుగమము చేయబడినది. దానికి సిగ్గుపడవలసినవా రెవ్వరును లేరు. పూర్వకాలపు సౌకర్యముతో పోల్చినచో ఇది యెంత? 1921 వరకు వింబుల్డన్‌లో క్రిందటి ఏటి విజేత తక్కినవారందరు పోరాడి మిగిలిన యొక్కనితో ఒకే యొక ఆట ఆడి కప్పు నిలుపుకొనెడివాడు. 1881 నుండి 1886 వరకు వరుసగా ఆరు పర్యాయములు గెలిచిన విలియం రెన్‌షా, అందులో కడపటి ఐదింటిని ఏటికొక్క ఆటతో సంపాదించెను. ఏడు కప్పులతో అతని సరసన నిలిచిన పీట్ సాంప్రాస్ ప్రతి కప్పునకును ఏడు రౌండ్లు దాటవలసి వచ్చెను. ఇద్దరి పేర్లును ఒకే పట్టికలో ఒకే పరిమాణపు అక్షరములతో నున్నవి.

ఇక అభిమానుల వాదములోనికి వత్తము. ప్రత్యర్థిని మరియొకడు ముందే ఓడించుట వలన కలుగు సులభత్వమునకు 2009 ఫ్రెంచ్ ఓపెన్‌ను మించిన ఉదాహరణము లేదు. 2005 నుండి నాలుగేండ్లు ఆ ఎర్రమట్టిపై నదాల్ ఏకచ్ఛత్రాధిపత్యము వహించెను. మొదటి ఏట సెమీఫైనలులోను, తరువాతి మూడేండ్లు ఫైనలులోను అతని చేత ఓడినవాడు ఫెదరర్. ఐదవ ఏట, మే 31న, నాల్గవ రౌండులో రాబిన్ సోడర్లింగ్ అను స్వీడను దేశీయుడు నదాల్‌ను నాలుగు సెట్లలో ఓడించి, రోలాండ్ గారోస్‌లో అతని 31 వరుస విజయముల గొలుసును తెంచెను. వారము తిరుగునంతలో ఫెదరర్ కప్పు గెలిచి, నాలుగు గ్రాండ్‌స్లాములను పూర్తిచేసికొని, సాంప్రాస్ 14 కప్పుల లెక్కను అందుకొనెను. నాటి నుండి నేటి వరకు నదాల్ పక్షమువారి ప్రశ్న యొక్కటే: మావాడు ఎదురుపడియున్నచో ఫెదరర్ గెలిచెడివాడా?

బహుశః గెలిచెడివాడు కాడని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. ఆ వసంతముననే మాడ్రిడ్ మట్టిపై ఫెదరర్ నదాల్‌ను ఫైనలులో వరుస సెట్లలో గెలిచియుండెను గనుక ఓడితీరెడివాడనియు చెప్పజాలను. ఏది ఒప్పుకొన్నను కప్పునకు కలుగు లోపమేమి? నదాల్ వచ్చెను, ఆడెను, ఓడెను. అతనిని ఓడించినవానిని ఫెదరర్ ఫైనలులో 6-1, 7-6, 6-4తో ఓడించెను. పైగా తేలికయని పేరుపడిన ఆ మార్గము నడిచినవానికి ఎట్లుండెనో చూడుడు. నదాల్ ఓడిన మరుదినమున ఫెదరర్ టామీ హాస్‌కు మొదటి రెండు సెట్లు సమర్పించి, మూడవ సెట్టులో 3-4 వద్ద సర్వీసు కోల్పోవు అంచున నిలిచి, తెగించి కొట్టిన ఒక ఫోర్‌హాండుతో బయటపడెను. సెమీఫైనలులో ఇరువది యేండ్ల డెల్ పోట్రో రెండు సెట్లు గెలిచి ముందుండగా, ఐదవ సెట్టు వరకు పోయి గెలువవలసి వచ్చెను. నదాల్ నిష్క్రమించిన గడియ నుండి లోకమంతయు ఫెదరర్‌కు కప్పును ముందుగనే రాసి యిచ్చెను. అట్టి స్థితిలో ఆడుట యెంతటి బరువో గ్యాలరీలో కూర్చున్నవారికి తెలియదు.

డ్రా తెరచుకొన్నంత మాత్రమున కప్పు చేతికి రాదనుటకు 2016 అమెరికా ఓపెన్ సాక్ష్యము. ప్రథమశ్రేణిలోనున్న జొకోవిచ్‌కు రెండవ రౌండులో వెసెలీ ఆడకయే తప్పుకొనెను; మూడవ రౌండులో యూజ్నీ ఆరు గేములాడి విరమించెను; క్వార్టర్ ఫైనలులో సోంగా రెండు సెట్లు ఓడి గాయముతో నిలిచిపోయెను. ఆరు రౌండ్లకు గాను మూడు ఆటలు మాత్రమే పూర్తిగా ఆడి ఫైనలుకు వచ్చినవాడు, మూడవ రౌండులో మ్యాచ్ పాయింటు నుండి గట్టెక్కి వచ్చిన వావ్రింకా చేత నాలుగు సెట్లలో ఓడెను. జొకోవిచ్ గెలిచియున్నచో ఆ కప్పుపై ఎన్ని వ్యాఖ్యానములు వెలువడియుండెడివో ఊహింపవచ్చును. ఓడినందున ఆ డ్రా సంగతి ఎవ్వరికిని జ్ఞాపకము లేదు.

మరుసటి ఏట అదే చోట నదాల్ గెలిచినపుడు వివాదము తారస్థాయి నందెను. అతడు ఓడించిన ఏడుగురిలో మొదటి ఇరువది ర్యాంకులలోనివాడు ఒక్కడును లేడు. అందరికంటె పై ర్యాంకువాడు 28వ స్థానమునందలి డెల్ పోట్రో. ఫైనలులో ఎదురైన కెవిన్ ఆండర్సన్ ర్యాంకు 32. జొకోవిచ్, వావ్రింకా, నిషికోరి గాయములతో రానేలేదు. ఈ అంకెలు సత్యములే. కాని డ్రా తీసిన దినమున లోకులనుకొన్నదేమి? ఫెదరర్, నదాల్ ఇరువురును ఒకే పార్శ్వమున పడిరి. డ్రా వెలువడిన పిమ్మట రెండవ సీడు మర్రే తప్పుకొనుటచే ఆవలి పార్శ్వము ఖాళీ పడినట్లయ్యెను. అదృష్టవంతులందరును ఆవలి వైపున ఉన్నారని, నదాల్‌కు సెమీఫైనలులోనే ఫెదరర్ రాసిపెట్టి యున్నాడని నాడు చెప్పుకొనిరి. తీరా ఫెదరర్‌ను క్వార్టర్ ఫైనలులో డెల్ పోట్రో ఓడించెను. ఆ డెల్ పోట్రోను నదాల్ సెమీఫైనలులో ఓడించెను. నాడు కఠినమన్న డ్రాయే రెండు వారములలో తేలికయయ్యెను. పట్టికలో మాత్రము నదాల్, ఫెదరర్ పేర్ల స్థానము మారలేదు.

ర్యాంకు అంకెను తూనికరాయిగ వాడుటలోని లోపమిదియే. ర్యాంకనగా గడచిన 52 వారముల జమాఖర్చు. నేటి అపరాహ్ణమున ఎదుటివాని సర్వీసు ఎట్లు పడుచున్నదో అది చెప్పదు. 2001 వింబుల్డన్‌లో గోరాన్ ఇవానిసెవిచ్ ర్యాంకు 125. నిర్వాహకులు దయతలచి ఇచ్చిన వైల్డ్‌కార్డుతో అతడు బరిలోనికి దిగెను. అంతకుముందు మూడు పర్యాయములు అదే ఫైనలులో ఓడినవాడు. రాడిక్‌ను, సాఫిన్‌ను, హెన్‌మన్‌ను దాటి వచ్చి, సోమవారమున జరిగిన ఫైనలులో రాఫ్టర్‌ను ఐదవ సెట్టులో 9-7తో గెలిచెను. ఆ సెట్టు తలక్రిందులై రాఫ్టర్ గెలిచియున్నచో, ఫైనలులో 125వ ర్యాంకువానిని గెలిచిన అదృష్టవంతుడని అతనిని ఈసడించువారు తప్పక బయలుదేరియుందురు. 2021 అమెరికా ఓపెన్‌లో ఈ విషయము మరియొక విధముగ బయటపడినది. ఎమ్మా రదుకాను క్వాలిఫయింగుతో కలిపి పది ఆటలు ఒక్క సెట్టును కోల్పోకుండ గెలిచెను. ఫైనలులో ఓడిన లేలా ఫెర్నాండెజ్ ఒసాకా, కెర్బర్, స్విటోలినా, సబలెంకాలను ఓడించి వచ్చినది. ఎవరి దారి కఠినమని ఎంచినచో సందేహమునకు తావే లేదు. కాని కఠినమైన దారిని వచ్చినవారికి కప్పు ఇవ్వవలెనని నిబంధన ఎచ్చటను లేదు.

తెలుగువారమైన మనము గూడ ఈ విషయమున నిష్పాక్షికులము కాము. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా మూడవ రౌండులో సెరీనా చేతను, ఆ ఏటి అమెరికా ఓపెన్ నాల్గవ రౌండులో షరపోవా చేతను ఓడినపుడు డ్రా కలిసిరాలేదని మన ఇండ్లలో అనుకొనని వారెవరు? గెలిచినవానికి నిందయైనదే ఓడినవానికి ఓదార్పు అగుచున్నది. సానియాకే 2015 వింబుల్డన్ డబుల్సులో హింగిస్‌తో కూడి, రెండవ సీడు జంటపై, చివరి సెట్టులో 2-5 వద్ద నుండి లేచి గెలుచు యోగము పట్టెను. నాడు డ్రాను గూర్చి ఎవ్వరును పలుకలేదు.

ప్రత్యర్థి ఓడుట వేరు, అసలు లేకపోవుట వేరు. ఇందులో మిక్కిలి దుఃఖకరమైనది మోనికా సెలెస్ కథ. అంతకుముందరి తొమ్మిది గ్రాండ్‌స్లాములలో ఏడింటిని గెలిచి ప్రథమశ్రేణిలో వెలుగుచున్న పందొమ్మిదేండ్ల బాలికను, 1993 ఏప్రిల్ 30న హాంబర్గులో, ఆట నడుమ విరామమున కూర్చుండియుండగా, స్టెఫీ గ్రాఫ్ అభిమానియైన యొకడు వెనుక నుండి కత్తితో పొడిచెను. ఆమె రెండేండ్లకు పైగా ఆడలేదు. ఆ కాలమున జరిగిన పది గ్రాండ్‌స్లాములలో గ్రాఫ్ ఆరింటిని గెలుచుకొనెను. ఆ ఆరింటిని ఆమె లెక్క నుండి తీసివేయవలెననువారు నేటికిని గలరు. ఒకరి నేరమునకు మరొకరిని, అందును ఆ నేరముతో ఏ సంబంధము లేనివారిని, శిక్షించుట ఏ న్యాయశాస్త్రమునకు సమ్మతము? సెలెస్ లేకుండుటయే చాలునన్నచో మిగిలిన నాలుగు కప్పులును గ్రాఫ్‌కే రావలసియుండెను; అవి శాంచెజ్, మార్టినెజ్, పియర్సులకు పోయెను. సెలెస్ తిరిగివచ్చిన 1995 అమెరికా ఓపెన్ ఫైనలులో ఇరువురును తలపడినపుడు గ్రాఫ్ 7-6, 0-6, 6-3తో గెలిచెను. వాదము దానితో తీరినదా అనిన, తీరలేదు. కత్తిపోటునకు పూర్వపు సెలెస్‌ను ఎవ్వరును తిరిగి చూడలేదు గనుక తీరుటకు వీలును లేదు. ఇచ్చట మనకు తెలియనిది ఒకటి శాశ్వతముగ మిగిలిపోయినదని ఒప్పుకొనవలెను. ఆ లోటు సెలెస్‌కు, క్రీడకు కలిగినది. గ్రాఫ్ కప్పులకు కాదు.

బరిలోనివారు మూకుమ్మడిగ వెలుపల నిలిచిన సందర్భమును గూడ చూడవలెను. 1973లో యుగోస్లావియా టెన్నిసు సంఘము నికోలా పిలిచ్‌ను సస్పెండు చేసినందుకు నిరసనగ 81 మంది ఆటగాండ్రు వింబుల్డన్‌ను బహిష్కరించిరి. పదహారుగురు సీడులలో పదమువ్వురు పోయిరి. క్రిందటి ఏటి విజేత స్టాన్ స్మిత్ వారిలో నొకడు. చెకోస్లొవేకియాకు చెందిన యాన్ కోడెష్ గెలిచెను. వెలితి పడిన వింబుల్డన్‌లో వెలితి విజేతయని నాడే ముద్ర వేసిరి. మన విజయ్ అమృతరాజ్ క్వార్టర్ ఫైనలులో అతనిని ఐదవ సెట్టులో 7-5 వరకు లాగి ఓడెను గనుక, ఆ దారి ఏమంత పూలబాట కాదని మద్రాసువారికైన తెలియును. కొన్ని వారములకే అమెరికా ఓపెన్‌లో బహిష్కరణ లేకుండ అందరును ఆడిరి. కోడెష్ సెమీఫైనలులో ఆ స్టాన్ స్మిత్‌నే ఓడించి, ఫైనలులో న్యూకూంబ్‌కు ఐదు సెట్లలో గాని లొంగలేదు. అనుమానము తీర్చుకొనుటకు ఇంతకంటె మంచి పరీక్ష ఎవరికిని దొరుకదు.

కాని నా మటుకు నిజముగ తరుగు కట్టదగిన చోటు ఒకటి ఉన్నది. 1968 వరకు డబ్బు పుచ్చుకొని ఆడు వృత్తి ఆటగాండ్రకు వింబుల్డన్ మొదలైన పోటీల వాకిళ్లు మూసివేయబడియుండెను. గొంజాలెస్, హోడ్, రోజ్‌వాల్ వంటివారు యౌవనమంతయు ఊరూర తిరుగు బిడారములలో గడపిరి. రోజ్‌వాల్‌కు 1956కును 1968కిని నడుమ ఒక్క గ్రాండ్‌స్లామ్ కప్పును లేదు. 1962లో రాడ్ లేవర్ నాలుగు కప్పులను ఒకే ఏట గెలిచెను. మూడు ఫైనలులలో ఓడినవాడు రాయ్ ఎమర్సన్. లేవర్ వృత్తి ఆటగాండ్రలో చేరి వెడలిన తరువాత ఎమర్సన్ 1963, 1967ల నడుమ పది కప్పులు గెలిచి, మొత్తము పండ్రెండుతో లెక్కలో అందరికంటె పైన నిలిచెను. సాంప్రాస్ 2000లో దాటువరకు ఆ లెక్క చెక్కు చెదరలేదు. వాకిళ్లు తెరచిన పిదప ఎమర్సన్‌కు సింగిల్సులో మరియొక కప్పు రాలేదు. అప్పటికి ముప్పది దాటినవాడు గనుక దానికి వయస్సు కొంత కారణము. లేవర్ 1962 నాటి కీర్తికిని ఇదే సందేహము వర్తించును: వృత్తి ఆటగాండ్రలో చేరిన తొలినాళ్లలో అతడు హోడ్, రోజ్‌వాల్‌ల చేతిలో పదే పదే ఓడెను. కాని 1969లో, అందరికిని తెరచియున్న బరిలో, నాలుగింటిని మరల గెలిచి ఆ సందేహమును తానే తుడిచివేసెను. ఎమర్సన్‌కు అది సాధ్యము కాలేదు.

భారతము చదివినవారికి ఏకలవ్యుడు జ్ఞాపకము వచ్చును. బొటనవ్రేలు పోయిన తరువాత అర్జునుడు చేసిన యుద్ధము లన్నియు అర్జునుడు చేసినవే. వానిలో ఒక్క బాణమును తక్కువ చేయ పనిలేదు. సాటిలేని విలుకాడను బిరుదము మాత్రము, సాటివానిని తొలగించిన పిదప ఇచ్చినది గనుక, ప్రశ్నకు లోనగును. ఎమర్సన్ పండ్రెండు కప్పులలో ఏ యొక్కటియు కృత్రిమము కాదు. ఆ దినమున ఆ బరిలో ఎదుట నిలిచినవానిని అతడు నిజముగనే ఓడించెను. పండ్రెండను సంఖ్యను తెచ్చి సాంప్రాస్ పదునాలుగు ప్రక్కన నిలిపి తూచునపుడు మాత్రము ఆ మూసిన వాకిలి త్రాసులో పడవలెను.

గాయములు, ఇతరుల చేతి ఓటములు, చీటి వ్రాత ఎవ్వరి కప్పును చిన్నబుచ్చవు. నియమము చేతనే మేటివారిని వెలుపల నిలిపిన కాలపు కప్పులు విడివిడిగ చిన్నవి కావు గాని, కుప్పపోసి ఇతర కాలముల కుప్పలతో కొలుచుటకు పనికిరావు. నా తీర్పు ఇంతవరకే.

ఇక పాఠకులకొక మనవి. వచ్చు గ్రాండ్‌స్లామ్ డ్రా వెలువడిన దినముననే, తొలి సర్వీసు పడకముందే, ఎవని దారి సుగమమో, ఎవని దారి దుర్గమమో ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి పదిలపరచుకొనుడు. రెండు వారముల తరువాత వాదమునకు దిగునపుడు ఆ కాగితమును వెంట తెచ్చుకొనుడు.